లీనో అరూడా బొమ్మ అడ్డంగా తలూపింది

అమెరికాలోని మా ఫాల్ రివర్‌లో లీనో అరూడా పేరెత్తితే జనం ముందు నవ్వుతారు, ఆ తర్వాతే "మనవాడేలే" అంటారు. సాకర్, అదే మన ఫుట్‌బాల్, ఆడి జీతం తెచ్చుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో వీధికొకడు దొరుకుతాడు. గోల్స్ కొట్టిన వీరుల ఫొటోలు మంగలి షాపుల్లో, బేకరీల్లో, ఆఖరికి పళ్ళ డాక్టరు గదిలో కూడా వేలాడుతుంటాయి. లీనో ఫొటో ఎక్కడా ఉండదు. ఎందుకుంటుంది చెప్పండి? పదమూడేళ్ళ ఆటలో ఆ మహానుభావుడు కొట్టిన గోల్స్ ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. వాటిలో ఒకటి సొంత గోల్‌లోకే కొట్టాడు.

అతను ఆడింది మధ్యలో. మిడ్‌ఫీల్డర్ అంటారు. అందులోనూ వెనకాల నిలబడి చాకిరీ చేసే రకం. అవతలివాడి కాళ్ళ దగ్గర్నుంచి బంతి లాక్కోవడం, పక్కనున్న మనవాడికి ఇచ్చేయడం, అంతే. ఈ విద్య అతనికి ఏ కోచ్ దగ్గరా అబ్బలేదు. పరిశుద్ధాత్మ పండగ రోజు పోర్చుగల్ వాళ్ళ అజోర్స్ దీవుల నుంచి మా ఊరొచ్చి స్థిరపడ్డవాళ్ళంతా చర్చి హాల్లో బల్లల ముందు ఆకలిమీద కూర్చుంటే, వంటింట్లోంచి గొడ్డుమాంసం పులుసు గిన్నెలు చేతులు మారుతూ వస్తాయి. చిన్నప్పుడు లీనోని ఆ వరస మధ్యలో నిలబెట్టింది వాళ్ళమ్మ. "అటూ ఇటూ చూడకు, ఆలోచించకు. వచ్చింది అందుకో, పక్కనున్నవాళ్ళకి అందించు. ఒలికిందో, వీపు విమానం మోత మోగుతుంది" అంది. అంతే, ఒలక్కుండా అందించడం నేర్చుకున్నాడు. ఆలోచించకపోవడం కూడా అప్పుడే నేర్చుకున్నాడని అతని పెళ్ళాం డుల్సే అంటుంది.

ఎవరేమన్నా "సరే" అనేవాడు. మనం గంగిరెద్దు అంటామే, అచ్చం అదే. గంగిరెద్దుకైనా బాకా ఊదాలి, లీనోకి అదీ అక్కర్లేదు. పెళ్ళి కూడా అలాగే అయింది. డుల్సే తన మేనత్త బేకరీలో రొట్టెలు అమ్మేది. ఒకరోజు చిల్లర ఇస్తూ, "జూన్‌లో చర్చి ఖాళీగా ఉందట" అంది. "సరే" అన్నాడు. ఆ ఒక్క సరేకి మాత్రం ఆమె ఎప్పుడూ సణగలేదు. తర్వాతి సరేలకి సణగని రోజు లేదు.

అమెరికాలో ఆటగాళ్ళని జట్లు ఒకదానికొకటి మార్చుకుంటాయి. నీకిష్టమా అని అడిగేవాడుండడు. సంతలో గేదెనైనా పళ్ళు చూసి మారుస్తారు, వీళ్ళు ఫోన్లోనే కానిచ్చేస్తారు. మొదట ఆడిన విచిటా జట్టువాళ్ళు లీనోని బేకర్స్‌ఫీల్డ్‌కి ఇచ్చి మోకాలు అరిగిన గోల్‌కీపర్ని తెచ్చుకున్నారు. బేకర్స్‌ఫీల్డ్ వాళ్ళు డులూత్‌కి ఇచ్చి, ఒక కాలేజీ కుర్రాడు చదువయ్యాక తమకే ఆడాలనే హక్కు కొనుక్కున్నారు. ఆ కుర్రాడు ఆట మానేసి పళ్ళ డాక్టరు చదువుకి పోయాడు. డులూత్ వాళ్ళయితే "ముందు ముందు చూసుకుందాం" అనే ఒక మాటకి బదులుగా ఇచ్చేశారు. కాగితం మీద అలాగే రాసుంది. "ఇంతకీ ఏం చూసుకున్నారయ్యా?" అని డుల్సే ఏడాదిపాటు అడుగుతూనే ఉంది.

ప్రతిసారీ ఫోన్ మోగడం, లీనో సరే అనడం, డుల్సే సామాన్లు సర్దడం. రెండో ఊరు మారాక ఆమె అట్టపెట్టెల్ని పారేయడం మానేసింది. మడతపెట్టి ఫ్రిజ్ వెనకాల దోపేది.

"అవెందుకు అక్కడ?" అన్నాడు లీనో ఒకసారి.

"పారేస్తే మళ్ళీ కొనాలి. నీ సంగతి నాకు తెలీదా!"

ఆ డులూత్ వాళ్ళ మాట పుణ్యమా అని చివరికి సొంతూరికే వచ్చిపడ్డాడు. మా ఊరి జట్టు పేరు స్పిండిల్స్, అంటే కదుళ్ళు, ఒకప్పటి నూలు మిల్లుల గుర్తుగా. ఎర్ర చొక్కాలు. డుల్సే తన మేనత్త బేకరీలోనే వాటా తీసుకుంది. తెల్లారకముందే లేచి తీపి రొట్టెలకి పిండి పిసికేది. చేతులకి ఎప్పుడూ నిమ్మతొక్క వాసన. మొదటి రోజే తేల్చి చెప్పేసింది: "ఇక్కణ్ణుంచి నేను కదలను. పోలీసులొచ్చి ఈడ్చుకుపోవాలి. ఇంకోసారి సరే అన్నావంటే నువ్వొక్కడివే పో."

"సరే" అన్నాడు. ఆమె తల పట్టుకుంది.

పెట్టెలు మాత్రం ఫ్రిజ్ వెనకాలే ఉన్నాయి. లీనో పాల కోసం తలుపు తీసినప్పుడల్లా వాటి అంచులు కనబడేవి. ఇంకా నన్ను నమ్మలేదు కదా అనుకునేవాడు. గోల్ కొట్టాలన్న కోరిక అతనికి ఎప్పుడూ లేదు గానీ, ఆ పెట్టెలు ఆ సందులోంచి పోవాలని మాత్రం గట్టిగా ఉండేది. నోరు తెరిచి అడగడం చేతకాదు.

ఇక బొమ్మ సంగతి. ఏడాదికోసారి జట్టువాళ్ళు ఒక ఆటగాడి బొమ్మ చేయించి, గేటు దగ్గర జనానికి ఊరికే పంచుతారు. చిన్న ఒళ్ళు, పెద్ద తల, మెడలో స్ప్రింగు. ముట్టుకుంటే తల ఊపుతుంది. ఎవరి బొమ్మ కావాలో జనమే ఓటేస్తారు. మంగలి ఝువాకిం ఉన్నాడే, అరవై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి బుర్రా తన చేతికింద నుంచి పోయిందని గర్వం, ఆ పెద్దమనిషి పంతం పట్టాడు. "గోల్ కొట్టేవాడికి బొమ్మెందుకురా, వాడింట్లో అద్దం ఉంటుంది. మన లీనోకి వెయ్యండి" అని గడ్డం గీస్తూ అడిగేవాడు. మెడ మీద కత్తి ఉన్నప్పుడు కాదనేదెవడు? లీనో భారీగా గెలిచాడు.

బొమ్మలు పంచే శనివారం పొద్దున్నే మేనేజరు క్రెయిగ్ ఆఫీసుకి పిలిచాడు. బల్ల మీద బొమ్మ ఉంది. లీనో దాన్ని చూసి తెల్లబోయాడు. మొహం తనది కాదు. తనకి లేని మీసం కూడా ఉంది.

"ఎవరండీ ఇతను?"

"నువ్వే. కొంచెం తేడా వచ్చిందిలే" అన్నాడు క్రెయిగ్. "అసలు తప్పు అది కాదు. తల ముట్టుకుని చూడు."

ముట్టుకున్నాడు. మిగతా ఆటగాళ్ళందరి బొమ్మలూ నిలువుగా తలూపుతాయి. ఇది అడ్డంగా ఊపింది. ఫ్యాక్టరీలో ఎవడో స్ప్రింగుని పక్కకి తిప్పి బిగించాడు. మూడువేల బొమ్మలూ అంతే. మన తెలుగువాళ్ళ తలాడింపు అయితే అది అవునో కాదో దేవుడికే ఎరుక. అమెరికాలో ఆ గొడవ లేదు, అడ్డంగా ఊపితే కాదనే. పుట్టి బుద్ధెరిగి ఎవరికీ కాదని చెప్పని మనిషి బొమ్మ, కాదు కాదు కాదు అంటూ బల్ల మీద నిలబడింది.

"జనం నవ్వుకుంటారు, మంచిదే" అన్నాడు క్రెయిగ్. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "లీనో, ఇంకో మాట. నిన్ను టొలీడోకి ఇచ్చేశాం."

లీనో బొమ్మ మీదనుంచి చెయ్యి తీశాడు. "టొలీడో ఇవాళ మనతోనే ఆడుతోంది కదండీ?"

"అదే కదా సౌకర్యం! వాళ్ళ బస్సు ఇక్కడే ఉంది. ఆట అయ్యాక ఎక్కేస్తే సరి."

"ఇవాళ నా బొమ్మ పంచే రోజు."

"పంచుతాంలేవయ్యా. దిగిన సరుకు ఏం చేసుకుంటాం?"

"నాకు బదులు ఎవరొస్తున్నారు?"

"ఒక ఆటగాడు. పేరు తర్వాత చెబుతారట."

లీనో తల నిలువుగా ఊపాడు. మెడకి అది తప్ప ఇంకోటి రాదు. క్రెయిగ్ సంతోషంతో బల్ల చరిచాడు. ఆ చరుపుకి బొమ్మ మళ్ళీ అడ్డంగా ఊపడం మొదలెట్టింది. ఆ గదిలో బుద్ధున్నది దానికొక్కదానికే.

అక్కణ్ణుంచి బేకరీకి వెళ్ళాడు. డుల్సే మోచేతుల దాకా పిండిలో ఉంది. అతని మొహం చూడగానే చేతులు ఆగిపోయాయి.

"ఏ ఊరు?" అంది.

"టొలీడో."

"ఏమన్నావు?"

లీనో నేల చూశాడు.

"అనేశావు. మళ్ళీ ఒట్టి మాటకే బదులు పోతున్నావా, లేక ఈసారైనా పేరున్న గొర్రెనిచ్చారా?"

"పేరు తర్వాత చెబుతారట."

ఆమె అరుస్తుందని ఎదురుచూశాడు. పిండి ముద్ద తీసి మొహాన కొడుతుందనుకున్నాడు, బేకర్స్‌ఫీల్డ్ విషయంలో ఆ పని చేసింది కూడా. ఏమీ చెయ్యలేదు. చేతులు కడుక్కుంటూ, "ఆట ఎన్నింటికి?" అంది.

"రెండింటికి."

"బస్సు?"

"ఆట అవగానే."

"సరే" అంది డుల్సే.

ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. ఎన్నేళ్ళుగా తను అనే ఆ మాట ఇంత భయంకరంగా ఉంటుందని లీనోకి అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం టొలీడో వాళ్ళ గదికి వెళ్ళాడు. ఆకుపచ్చ చొక్కా ఇచ్చారు. వీపు మీద పాతవాడెవడి పేరో ఉంటే దాని మీద టేపు అంటించి, అరూడా అని స్కెచ్ పెన్నుతో రాశారు. ఒక అక్షరం తప్పు. టొలీడో కోచ్ బక్ పెద్ద బొజ్జ, చిన్న ఓపిక ఉన్న మనిషి. "నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. బంతి లాక్కో, మనవాడికివ్వు. ఇంకేం కొత్తవి చెయ్యకు" అన్నాడు.

"సరే" అన్నాడు లీనో.

మైదానంలోకి వచ్చేసరికి స్టాండ్స్ నిండా జనం, జనం చేతుల్లో మీసాలున్న మూడువేల లీనోలు. మైకులో పిల్లవాడెవడో ముందే రాసిచ్చిన కాగితానికి ఒక ముక్క తగిలించి చదివేశాడు: "మన లీనో అరూడాకి చప్పట్లు కొట్టండి! అవతలి జట్టు తరఫున, లీనో అరూడా!" మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆకుపచ్చ చొక్కా కనబడింది.

"ఒరేయ్ లీనో!" ఝువాకిం గొంతు కంచె అవతల్నుంచి వినిపించింది. "ఆ పాకుడు రంగు చొక్కా ఎవడిదిరా? ఉతికి తిరిగిచ్చెయ్!"

"అమ్మేశారు తాతా" అన్నాడు లీనో.

"ఎవర్నడిగి అమ్మారు? ఆ తల నాదిరా! నీ మొదటి క్షవరం చేసింది నేను!"

ఆట మొదలైంది. చెప్పకూడదు గానీ లీనో బాగానే ఆడాడు. నిన్నటిదాకా కలిసి స్నానం చేసిన ఎర్ర చొక్కాల కాళ్ళ దగ్గర్నుంచి బంతులు లాక్కుని, పచ్చ చొక్కాలకి అందించాడు. లాక్కున్న ప్రతిసారీ జనం బొమ్మలు పైకెత్తి ఊపేవాళ్ళు. కాదు, కాదు, కాదు. ప్లాస్టిక్ తలలు టకటకమని కొట్టుకునేవి. తిడుతున్నారో, బతిమాలుతున్నారో తెలియలేదు. ఊపిరి తీసుకునే ప్రతి సందులోనూ లీనో డుల్సే కోసం వెతికాడు. ఎప్పుడూ కూర్చునే చోట ఆమె లేదు. ఆ ఖాళీ కుర్చీ మీద ఎవరో బొమ్మ పెట్టి ఉంచారు.

రెండో సగం చివర్లో, ఎవరూ గోల్ కొట్టకుండా ఆట ఈడుస్తుంటే, ఒక బంతి మధ్యలోకి దొర్లింది. ముగ్గురు దాని మీద పడ్డారు. కాళ్ళ గొడవలోంచి లీనో దాన్ని చక్కగా బయటికి లాగాడు. తల ఎత్తలేదు, ఆలోచించలేదు. వచ్చింది అందుకున్నాడు, పక్కనున్న మనవాడికి అందించాడు. బంతి ఒలక్కుండా, ముద్దుగా, సరిగ్గా కుడికాలి ముందుకి వెళ్ళి ఆగింది.

ఆ కాలు ఎర్ర సాక్సులో ఉంది.

స్పిండిల్స్ కుర్రాడు కూడా ఒక్క క్షణం నమ్మలేదు పాపం. తర్వాత పరిగెత్తి గోల్ కొట్టాడు. లీనో జన్మలో ఇచ్చిన పాసులన్నిట్లోకీ అందమైన పాసు అదే. ఇచ్చింది మాత్రం అవతలి జట్టుకి.

మైదానం పేలిపోయింది. "జీతం వాళ్ళది, పని మనది!" అని ఝువాకిం కంచె పట్టుకుని గెంతాడు. బక్ నీళ్ళ సీసా నేలకేసి కొట్టి, "ఎవడికిచ్చాడు? ఎవడికిచ్చాడు?" అని పక్కనున్నవాళ్ళందర్నీ అడిగాడు. లీనో రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చేతనైంది ఒకే ఒక్క పని, అదీ తప్పింది. ఏడుపొచ్చింది. అయితే ఆ ఏడుపు కింద ఎక్కడో చిన్న సంతోషం కదిలింది, దానికి ఇంకా సిగ్గేసింది. ఆ ఒక్క గోల్‌తోనే టొలీడో ఓడిపోయింది.

ఆట అయ్యాక బస్సు ఇంజిను నడుస్తూ ఉంది. లీనో సంచీ భుజానేసుకుని మెట్టు దగ్గర నిలబడ్డాడు. జనం కొందరు చుట్టూ చేరారు. డుల్సే అక్కడా లేదు. బక్ కిందికి దిగాడు. తిడతాడనుకుంటే భుజం తట్టాడు, అదే కొంప ముంచింది.

"పోనీలేవయ్యా, అలవాటు. వారం రోజుల్లో పోతుంది. ఎక్కు."

వారం రోజుల్లో పోతుంది. లీనో ఆ మాట మళ్ళీ మనసులో అనుకున్నాడు. డులూత్‌లో అలవాటు వారంలో పోయింది. బేకర్స్‌ఫీల్డ్‌లో ఇంకా ముందే పోయింది. ఇది కూడా పోతుందన్నమాట. ఇది పోవడం తనకి ఇష్టం లేదు. ఇన్నేళ్ళలో తనకి ఇష్టం లేదన్న సంగతి మొదటిసారి తనకే తెలిసింది.

"ఎక్కకపోతే తెలుసుగా?" అన్నాడు బక్, ఈసారి నెమ్మదిగానే. "కాంట్రాక్టు పోయినట్టే. నీ వయసులో ఇంకో జట్టు నిన్ను ముట్టుకోదు. ఆట అయిపోయినట్టే."

లీనో నోరు తెరిచాడు. "స..." అని వచ్చేసింది. పళ్ళు బిగించి మిగతా అక్షరాన్ని లోపలే ఆపాడు. ఇంకో మాట ఏదో ఉండాలి, అందరూ వాడతారు, తనకి మాత్రం నాలుక మీదికి రావడం లేదు. చివరికి తల ఊపాడు. అడ్డంగా. మెడలో ఏదో టక్కుమంది కూడా.

"అంటే ఏంటి?" అన్నాడు బక్.

ఝువాకిం ముందుకొచ్చి తన బొమ్మని బక్ మొహం ముందు పెట్టి, దాని తల మీద వేలితో ఒక్కటిచ్చాడు. బక్ బొమ్మని చూశాడు, లీనోని చూశాడు, మళ్ళీ బొమ్మని చూశాడు.

"పొద్దున్నుంచీ ఇది ఎవరి బొమ్మా అనుకుంటున్నా" అన్నాడు. "మొహం కలవలేదు గానీ, మిగతాదంతా దించేశారు." బస్సెక్కి తలుపు వేసుకున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

లీనో పదమూడేళ్ళ కొలువు అలా ముగిసింది. జనంలో ఎవరో భుజాలమీద మోస్తామన్నారు. ఝువాకిం "వద్దురా, ఒలికిపోతాడు" అని తరిమేశాడు.

ఇంటికి కొండెక్కి నడిచాడు. ఒంటి మీద ఇంకా పచ్చ చొక్కాయే. ఇంటి ముందు పేవ్‌మెంట్ మీద, చెత్తబండి కోసం పెట్టిన డబ్బాల పక్కన ఒక కట్ట కనబడింది. అట్టపెట్టెలు. ముక్కలుగా చింపి, బేకరీ దారంతో గట్టిగా కట్టి ఉన్నాయి. ఒకదాని మీద డుల్సే చేతిరాతతో "గిన్నెలు, డులూత్" అని ఇంకా కనబడుతోంది.

లీనో మూడంతస్తులూ ఒక్క ఊపులో ఎక్కేశాడు. వంటింట్లో డుల్సే పొయ్యి దగ్గరుంది. ఫ్రిజ్ గోడకి అతుక్కుని నిలబడి ఉంది, వెనకాల ఏమీ లేదు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు రొప్పుతూ. "నేను బస్సెక్కలేదని అప్పుడే ఎవరు చెప్పారు?"

డుల్సే వెనక్కి తిరిగింది. అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"నువ్వు ఎక్కలేదా?" అంది.

"లేదు. మరి పెట్టెలు?"

"అవి మధ్యాహ్నం రెండింటికి చింపాను."

"అంటే... నేను ఎక్కననుకున్నావా?"

"ఎక్కుతావనే అనుకున్నా" అంది డుల్సే. "నీ ఒక్కడికీ ఆ సంచీ చాలుగా. పెట్టెలెందుకు?"

లీనో కుర్చీలో కూలబడ్డాడు. ఈ ఇంటిని తను ఎలా త్రుటిలో పోగొట్టుకోబోయాడో గోడకి అతుక్కున్న ఆ ఫ్రిజ్ చెబుతూనే ఉంది. తల అడ్డంగా ఊపుతూ కూర్చున్నాడు.

డుల్సే ముక్కు చీదుకుని, గిన్నెలో పులుసు పోసి అతని చేతికిచ్చింది. లీనో రెండు చేతులతో అందుకుని, అలవాటుగా పక్కకి తిప్పాడు. పక్కన ఎవరూ లేరు.

"ఎవరికిస్తావయ్యా?" అంది డుల్సే. "అది నీకే. తిను."